ఎండ తినే పొర

కిటికీకి బిగించిన నల్లగుడ్డలో చెయ్యి పట్టేంత కన్నం ఉంది. ఆ కన్నంలోంచి తరళ ఎడమచెయ్యి మోచేతిదాకా బయటికి, మిట్టమధ్యాహ్నపు ఎండలోకి చాచి ఉంది. తరళ మాత్రం గదిలో చీకట్లో, కుర్చీ అంచున పళ్ళు బిగించి కూర్చుంది. కాకినాడ బీచ్ రోడ్డు పక్కనున్న ఆ ప్రయోగశాల వరండాలో ఆమె అక్క హైమ నిలబడి, ఆ చేతిని కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఎర్రబడిందా?" లోపల్నించి తరళ అరిచింది.

"లేదు."

"అబద్ధాలు చెప్పకు. మండుతోంది."

"మండడం కాదే, వేడి. ఎండ తగిలితే ఎవరికైనా అలాగే ఉంటుంది."

"ఎవరికైనా ఎలా ఉంటుందో నాకేం తెలుసు? నీకు తెలుసు. ఊరంతా తిరిగినదానివి."

హైమ చేతిగడియారం చూసుకుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అందరి చర్మాన్నీ గాయపరుస్తాయి. అందరి చర్మమూ ఆ గాయాన్ని ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటుంది. తరళ చర్మానికి ఆ బాగుచేసుకోవడం చేతకాదు. పసిపిల్లగా ఉన్నప్పుడు ఒక్కపూట తీర్థానికి ఎత్తుకెళ్తే ముఖమంతా బొబ్బలెక్కింది. ఆ తరవాత ముక్కు మీదా బుగ్గమీదా పుట్టిన కంతుల్ని కోసి తీయించారు. ఒక కంటిరెప్ప సగం తొడమీది చర్మంతో కుట్టినదే. ఇరవై నాలుగేళ్ళొచ్చినా ఆమె పగటిని తలుపుసందుల్లోంచి తప్ప చూడలేదు.

ఎండలో ఉన్న ఆ చేతికి మందపాటి బట్ట చుట్టి ఉంది. తమలపాకంత మేర మాత్రం బట్ట లేదు. అక్కడ గోధుమరంగు పొర ఒకటి చర్మాన్ని అంటుకుని ఉంది.

"మళ్ళీ చెప్పు. నా చేతిమీద ఏం పాకుతోందో."

"పాకవు. అంటుకుని కూర్చుంటాయి. ఉప్పుమడుల అంచున ఎండలో తోలులా పేరుకుంటుందే, ఆ సూక్ష్మజీవులు. సయనోబ్యాక్టీరియా. ఆకాశంలో ఓజోను గొడుగు పుట్టకముందు నుంచీ ఎండకి ఎదురు నిలబడ్డాయి. ముందు కంటికి కనపడని పదార్థం ఒకటి తయారుచేసి కిరణాల్ని మింగిస్తాయి. అది చాలకపోతే ఒంటిచుట్టూ ఉన్న జిగురు తొడుగులో గోధుమరంగు నింపుకుంటాయి. అప్పటికీ కిరణం లోపలికొచ్చి జన్యువులో పక్కపక్క అక్షరాల్ని అతికించేస్తే, ఎండలోనే ఉన్న నీలికాంతిని వాడుకుని వాటిని విడదీస్తాయి. ఆ విడదీసే పనిముట్టు మనిషికి లేదు. దాన్ని నీ కణాలకి అందించేట్టు చేశాను. నేను చేసింది అదొక్కటే."

"అంటే పాచి."

"పాచి కాదు."

"పాచే. నూతిగట్టు మీద అమ్మమ్మ బూడిదేసి తోమించేది. తోమించాల్సినదాన్ని తెచ్చి నాకు పూశావు."

గంట గడిచింది. హైమ చేతిని లోపలికి తీయించి దీపం కింద చూసింది. పొర కింద చర్మం నున్నగా ఉంది. బొబ్బ లేదు, ఎరుపు లేదు. తరళ తన చేతిని తానే ఎవరిదో చూసినట్టు చూసుకుంది.

ఆ ప్రయోగశాల పెద్ద, డాక్టర్ చక్రపాణి, గుమ్మంలోంచే చప్పట్లు కొట్టాడు. "సబ్జెక్టుకి నొప్పేమైనా ఉందా హైమా?" అని అడిగాడు.

"సబ్జెక్టుకి పేరుంది, నోరు కూడా ఉంది. దాన్నే అడగండి," అంది తరళ.

*

గాంధీనగరంలో వాళ్ళ ఇంటి కిటికీలన్నిటికీ నల్లరంగు పూసి ఉంటుంది. ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు ఒకరినొకరు సహిస్తూ బతుకుతున్నారు. నాలుగోది హైమ, పొద్దున్నే ప్రయోగశాలకి పారిపోయేది.

అమ్మమ్మ సుభద్రమ్మ తన కూతురు రాజ్యలక్ష్మిని తన సొంత తమ్ముడికే ఇచ్చి చేసింది. ఆస్తి బయటికి పోదనీ, పిల్ల కళ్ళెదుటే ఉంటుందనీ. తరళ జబ్బు దగ్గరి రక్తంలో పెళ్ళివల్ల పైకి తేలిందని డాక్టరు చెప్పిన రోజునుంచి రాజ్యలక్ష్మి తల్లితో నేరుగా మాట్లాడడం మానేసింది. ఆ తమ్ముడు, అంటే పిల్లల తండ్రి, పోయినప్పుడు కూడా ఇద్దరూ చెరోమూల కూర్చుని ఏడ్చారు.

"ఆవిణ్ణి మజ్జిగ పోసుకోమను," అని రాజ్యలక్ష్మి హైమతో అనేది.

"పోసుకున్నానని చెప్పు దానికి," అనేది సుభద్రమ్మ.

ఒళ్ళంతా పొర వేయాలన్న మాట హైమ ఎత్తగానే మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు.

"ఒళ్ళంతా ఆ రంగేనా? మొహం కూడానా?" అంది రాజ్యలక్ష్మి.

"ఎండ ముందు మొహానికే తగులుతుందమ్మా."

"దాని మేనిఛాయ చూశావా? పాలమీగడలా ఉంటుంది. అదొక్కటే దేవుడిచ్చాడు దానికి."

"దేవుడివ్వలేదు," తరళ గదిలోంచి అంది. "ఎండ తగలక పాలిపోయింది. బియ్యంబస్తా కింద గడ్డి కూడా ఇలాగే తెల్లగా ఉంటుంది."

"రేపు ఎవరైనా వచ్చి చూస్తే?" అంది సుభద్రమ్మ.

"ఎవరొస్తారు అమ్మమ్మా? ఇంకో తమ్ముడున్నాడా నీకు?"

సుభద్రమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాజ్యలక్ష్మి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులో సంతోషం లేదు. హైమ తరళ గదిలోకి వెళ్ళింది.

"నీకిష్టమేనా తరళా? ఒకసారి చర్మంలో వేళ్ళూనితే మళ్ళీ తీయడం తేలిక కాదు."

"ఇక్కడ కూర్చోడం నాకిష్టమా అని ఎవరైనా అడిగారా? పూసెయ్."

*

పొర ఒళ్ళంతా పట్టడానికి చాలా వారాలు పట్టింది. ఉప్పునీళ్ళ తొట్టిలో రోజూ నానాలి. తరవాత దీపాల కింద పడుకోవాలి. ముందు పచ్చగా, తరవాత పసుపుగా, చివరికి పాత చింతపండు రంగుకి తిరిగింది తరళ. దగ్గరికొస్తే సముద్రపు వాసన. రాజ్యలక్ష్మి కూతురి ముఖం చూసి గోడవైపు తిరిగి ఏడ్చింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం హైమ ఆమెను ఉప్పాడ తీరానికి తీసుకెళ్ళింది. తరళ కారులోంచి దిగి, నెత్తిమీద ఏ గుడ్డా లేకుండా ఇసకలో నిలబడింది. ఈ క్షణం ఎలా ఉంటుందోనని హైమ ఏళ్ళ తరబడి ఊహించుకుంది. చెల్లెలు ఏడుస్తుందనుకుంది, నవ్వుతుందనుకుంది, తనని కావలించుకుంటుందనుకుంది.

తరళ కళ్ళు చికిలించి చుట్టూ చూసింది. చేపలు ఎండేసిన వలల మీద ఈగలు ముసురుతున్నాయి. ఇసక అరికాళ్ళని కాల్చింది. చెమట కళ్ళలోకి దిగింది. జనం పని ఆపి ఆమెనే చూస్తున్నారు. ఒకామె పిల్లాణ్ణి వెనక్కి లాక్కుని, "ఒళ్ళంతా ఏటమ్మా అది? కుష్టా? అంటుద్దా?" అని అడిగింది.

"అంటుద్ది," అంది తరళ. "ముట్టుకో."

ఆమె పిల్లాణ్ణి ఎత్తుకుని పరిగెత్తింది.

"ఎందుకే అలా భయపెడతావు?" అంది హైమ.

"దీనికోసమా?" తరళ సముద్రం వైపు చెయ్యి విసిరింది. "ఈ ఉక్కకోసమా, ఈ కంపుకోసమా మీరంతా నన్ను చూసి జాలిపడ్డారు? ఇందులో ఏముంది?"

హైమ చెంపదెబ్బ తిన్నట్టు నిలబడిపోయింది. అయినా పొద్దు వాలేదాకా తరళ కారెక్కలేదు. వలల మధ్య అటూ ఇటూ నడుస్తూనే ఉంది. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని ఒక్కతే బయటికి పోయింది. ఆ వేసవంతా ఆమె ఇంట్లో ఉన్నది తక్కువ. సంతలో బేరమాడింది, ఆటోవాళ్ళతో తగువులాడింది, డాబామీద ఎండలో నిద్రపోయింది. ఎండ ముదిరేకొద్దీ పొర నల్లబడింది, మందమైంది. హైమ వారానికోసారి చర్మం గీకి పరీక్షించేది. కొత్త కంతి ఒక్కటి కూడా లేదు. చక్రపాణి ఢిల్లీకీ బెంగుళూరుకీ తిరుగుతూ ఫొటోలు చూపించాడు. ఆ ఫొటోలకి తరళని ఎవరూ అడగలేదు.

*

జులైలో అల్పపీడనం పట్టింది. మబ్బు కదల్లేదు. మొదట తరళ ఒళ్ళు బరువుగా ఉందంది. తరవాత జ్వరం. తరవాత పక్కదుప్పటి మీద గోధుమరంగు నీళ్ళు. గదంతా కుళ్ళిన నాచు వాసన.

ఊళ్ళో డాక్టరు ఇచ్చిన మందులేవీ పనిచేయలేదు. హైమ ఆ నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. జీవాలు గుంపులు గుంపులుగా పగిలి చస్తున్నాయి. చచ్చినవాటిలోని విషం చెల్లెలి రక్తంలోకి పోతోంది.

కారణం అప్పుడు తట్టింది. ఆ జీవాలకి తిండి వెలుతురే. వేసవంతా ఎండనుంచి కాపాడుకోడానికి గోధుమరంగు మీద గోధుమరంగు కప్పుకున్నాయి. ఆ మందపాటి దుప్పటిలోంచి మబ్బుపట్టిన రోజు గుడ్డివెలుతురు దూరదు. కాపాడిన దుప్పటే ఇప్పుడు వాటిని పస్తు పెడుతోంది. తమలపాకంత ముక్కమీద చేసిన పరీక్షలో ఇది బయటపడలేదు. అంత కొంచెం విషాన్ని ఒళ్ళు తట్టుకుంది.

రాజ్యలక్ష్మీ హైమా కలిసి తరళని మోసుకుని ప్రయోగశాలకి తెచ్చారు. అక్కడ జనరేటరు ఉంది, సూర్యకాంతిని పోలిన దీపాలున్నాయి. సాయంత్రానికి జ్వరం దిగింది.

చక్రపాణి మంచి మాటలతోనే వచ్చాడు. "వానాకాలమంతా ఇక్కడే ఉండనివ్వండి. అద్దాల గది ఉంది. ఖర్చు మాది. అప్పుడప్పుడు నిపుణులు వచ్చి చూస్తారు, అంతే."

నిపుణులు వచ్చారు. కంపెనీవాళ్ళు వచ్చారు. అద్దం అవతల నిలబడి తల ఊపుతూ చూశారు. సముద్రం మీద పనిచేసేవాళ్ళకి ఇది పూస్తే ఎంత లాభమో మాట్లాడుకున్నారు. వానల్లో ఏమవుతుందో హైమ చెప్పబోతే చక్రపాణి కాఫీ తెప్పించమని ఆమెను బయటికి పంపాడు. తరళ వచ్చినవాళ్ళందరికీ నాలిక చూపించింది.

హైమకి నిద్ర పట్టడం లేదు. జనరేటరు ఆగితే? వచ్చే ఏడు తుపానొస్తే? ఒకరోజు ధైర్యం చేసి చెల్లెలి పక్కన కూర్చుంది.

"తీసేద్దాం తరళా. చంపే మందుంది. కొద్దికొద్దిగా."

"తీసేసి?"

"ప్రాణంతో ఉంటావు."

"నల్ల కిటికీల వెనక. కంతులు కోయించుకుంటూ. అది ప్రాణమా?" తరళ గొంతు పెరిగింది. "తీయను. ఇంకోసారి ఆ మాటెత్తకు."

హైమ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మందుని తరళ రోజూ నానే ఉప్పునీళ్ళ తొట్టిలో కలిపింది.

చెల్లెల్ని బతికించుకుంటున్నానని తనకి తాను చెప్పుకుంది. పొర అంతా ఒక్కసారి పోదనీ, మెల్లగా పలచబడుతుందనీ, ఈలోపు దీపాలు ఆపించొచ్చనీ లెక్క వేసుకుంది. ఆ లెక్క తప్పింది. మర్నాడే తరళ కుడిభుజం మీద అరచేతంత మేర తెల్లబడింది. ఎవరూ చూసుకోలేదు. ఆ తెల్లటి చర్మం మీద సూర్యకాంతిలాంటి దీపం రోజంతా పడింది. సాయంత్రానికి భుజం బొబ్బలెక్కి, తోలు ఊడి వచ్చింది.

తరళ కేక విని హైమ పరిగెత్తుకొచ్చింది. తరళ భుజం పట్టుకుని ఆమెనే చూస్తోంది.

"తొట్టిలో ఏం కలిపావు?"

హైమ తొట్టివైపు చూసింది.

"నిన్నే. ఏం కలిపావు?"

"నీకోసమే..."

"అమ్మకోసమే అమ్మమ్మ ఆ పెళ్ళి చేసింది. నాకోసమే కిటికీలకి రంగేశారు. నాకోసమే ఆయన నన్ను అద్దాల్లో పెట్టాడు. నువ్వు మాత్రం అడుగుతావనుకున్నాను." తరళ బల్లమీది చెంచా తీసుకుని తన తొడమీది పొరని గీకింది. రక్తం చిమ్మింది. ఆ గీకినదాన్ని పుండుపడిన భుజం మీద, అంచులమ్మట తానే అద్దుకుంది. హైమ చెయ్యి చాపితే ఆ చెంచానే ఆమె మీద విసిరింది.

*

తరళ వెళ్ళిపోతానంటే చక్రపాణి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఆ జీవాల మీద హక్కులు సంస్థవి, బయటికి తీసుకుపోవడం చట్టరీత్యా నేరం అన్నాడు.

"మీ సొత్తు నా ఒంటిమీదుంది డాక్టరుగారూ," అంది తరళ. "గీక్కుని తీసుకోండి. రండి."

ఆయన పక్కకి తప్పుకున్నాడు.

రాష్ట్రంలో వానలు తక్కువపడే చోటు అనంతపురం. తరళ అక్కడికి వెళ్ళిపోయింది. ఆమెతో పాటు పెట్టె సర్దుకుని బయల్దేరింది రాజ్యలక్ష్మి. ఆ రంగు చూసి గోడవైపు తిరిగి ఏడ్చిన మనిషే. వెళ్తూ వెళ్తూ ఏళ్ళ తరవాత మొదటిసారి తల్లితో నేరుగా మాట్లాడింది: "నీ మందులు బీరువాలో ఉన్నాయి. వేళకి వేసుకో." సుభద్రమ్మ తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

హైమ ప్రయోగశాల మానేసింది. తరళ వెళ్ళాక అక్కడి సీసాల్లోని జీవాలు మెల్లగా తెల్లబడి చచ్చాయి. ఏళ్ళ తరబడి మార్చి మార్చి పెంచినా, మనిషి చర్మం మీద బతకడం నేర్చినవి తరళ ఒంటిమీదివే. చక్రపాణి ఇంకో పరిశోధన పట్టుకున్నాడు.

మరుసటి ఏడు తునినుంచి ఒక తల్లి ఎనిమిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని హైమ ఇంటికొచ్చింది. పిల్ల పేరు లక్షిత. తలకి టోపీ, ముఖానికి ముసుగు, చేతులకి తొడుగులు. అదే జబ్బు. ముక్కు పక్కన అప్పటికే కోసిన మచ్చ. ఎక్కడో ఫొటో చూసి వెతుక్కుంటూ వచ్చారు.

హైమ అనంతపురం వెళ్ళింది. ఊరికి దూరంగా, కనుచూపుమేర సోలార్ పలకలు పరిచిన బయలు. వాటిని తుడిచే ముఠాకి తరళ మేస్త్రీ. ఎండ నిప్పులు చెరుగుతోంది. తరళ నల్లగా, నిటారుగా, చేతిలో నీళ్ళ పైపుతో నిలబడి ఎవరినో తిడుతోంది. అక్కని చూసి పైపు కట్టేయలేదు.

హైమ వచ్చిన పని చెప్పింది.

"ఆ పిల్లని తీసుకురా," అంది తరళ. "ఇప్పుడు కాదు, మబ్బు పట్టినప్పుడు. నేను పడి ఉన్నప్పుడు చూపించు. అప్పుడు అడుగు. వాళ్ళమ్మని కాదు."

"తరళా, ఆ తొట్టి సంగతి..."

"అడ్డు తప్పుకో. నీళ్ళు పడతాయి."

సెప్టెంబరులో అక్కడ కూడా ముసురు పట్టింది. చీకటి పడ్డాక ప్రయాణం చేయించి, హైమ ఆ తల్లీకూతుళ్ళని తీసుకొచ్చింది. మర్నాడు పొద్దున రాజ్యలక్ష్మి తలుపు తీసి, మాట్లాడకుండా పక్కకి జరిగింది. గది మధ్యలో మంచంమీద తరళ. ఉన్న ఒక్క దీపం ఎడమచేతి మీదికి వంచి కట్టి ఉంది. మిగతా ఒంటిమీద పొర ముక్కలుగా ఊడుతోంది. పక్కంతా గోధుమరంగు నీళ్ళు. ఆ వాసనకి లక్షిత తల్లి ముక్కు మూసుకుంది. దీపం దగ్గరికి వెళ్ళొద్దని హైమ చెప్పబోయేలోపే పిల్ల ముసుగు సవరించుకుని మంచం పక్కకి వచ్చి నిలబడింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"ప్రతి వానకీ ఇంతేనా?"

"ఇంతే. ఏదో ఒక వానకి పోతాను."

"అయ్యో, చిన్నపిల్లతో ఏం మాటలండీ అవి!" అంది తల్లి.

"చిన్నపిల్లే. చర్మం దానిదే," అంది తరళ, ఆమెవైపు చూడకుండా.

లక్షిత తరళ చేతిమీది రంగు చూసింది. "ఈ రంగుంటే స్కూల్లో నా పక్కన కూచోరేమో."

"కూచోరు."

"ఇప్పుడూ కూచోరు." పిల్ల ఆ మాట మామూలుగా అంది. "ఎండలో నువ్వేం చేస్తావు?"

"పని చేస్తాను. జనంతో దెబ్బలాడతాను. ఎండ బావుంటుందని ఎవరైనా చెప్తే నమ్మకు. చెమట, ఉక్క. అరికాళ్ళు కాలతాయి."

"మరి లోపలికి వచ్చేయొచ్చుగా?"

"రాబుద్ధి కాదు," అంది తరళ.

తల్లి పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "సరేనని చెప్పమ్మా, ఇంత దూరం వచ్చాం," అంది. లక్షిత ఆ చేతిని మెల్లగా తీసేసింది.

"ఇప్పుడు చెప్పను," అంది. "వాన తగ్గాక, ఈవిడ లేచి నడిచాక చూసి చెప్తాను."

తరళ నవ్వింది. హైమకి తెలిసి, అంత గట్టిగా ఆమె నవ్వడం అదే మొదటిసారి. నవ్వు దగ్గులోకి తిరిగింది. రాజ్యలక్ష్మి నీళ్ళు పట్టించింది. దగ్గు ఆగాక తరళ దీపం కింద ఉన్న ఎడమచేతిని హైమవైపు జరిపింది. అక్కడ పొర ఇంకా పచ్చిగా, ప్రాణంతో ఉంది.

"గీకి ఉంచు. ఆ పిల్ల వద్దంటే పారబొయ్యి. వాళ్ళమ్మ కావాలన్నా సరే, పారబొయ్యి."

హైమ సంచిలోంచి గాజుపళ్ళెం, పలచటి కత్తి తీసింది. చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి జ్వరంతో కాలిపోతోంది. "తరళా, ఒక్కమాట..." అంది.

"మాట్లాడకు," అంది తరళ. "సరిగ్గా గీకు."

హైమ కత్తి ఆనించి, గీకడం మొదలుపెట్టింది.